నల్లగుంత మట్టి

మొలలోతు నీళ్ళలో నిలబడి అసిరమ్మ ఏటి అడుగునుంచి మట్టి తీస్తోంది. మూరెడు పొడవున్న గాజు గొట్టాన్ని బురదలోకి నిలువుగా దించి, పైమూతిని అరచేత్తో గట్టిగా మూసి, లోపలి మట్టి పొరలు చెదరకుండా పైకి లాగాలి. విశాఖపట్నం నుంచి వచ్చిన సిబ్బంది రెండు రోజులు తంటాలు పడి గొట్టాలు పగలగొట్టుకున్నారే తప్ప ఒక్కటీ సరిగా తీయలేకపోయారు. అసిరమ్మకి ఒక్క పూటలో ఆ పని పట్టుబడింది. మహేంద్రతనయ ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో ముప్పై ఏళ్ళుగా కాలివేళ్ళతో బురద తడిమి గుల్లలు ఏరుతున్న మనిషి ఆమె. ఎక్కడ ఇసకో, ఎక్కడ జిగురుమట్టో, ఎక్కడ అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడుతుందో ఆమె పాదాలకు తెలుసు.

గట్టు మీద పటం పట్టుకుని నిలబడిన దమయంతి ఆమె చెల్లెలు. విశాఖపట్నంలోని నదీజీవ పరిశోధన కేంద్రంలో పంతొమ్మిదేళ్ళుగా శాస్త్రవేత్త. ఎగువ పొలాల యూరియా, రొయ్యల చెరువుల మురుగు కలిసి ఈ ఏరు ఏటా పచ్చగా నాచు కడుతోంది. అసిరమ్మ ఉండే గుల్లపేట బావుల్లో నీళ్ళు పసిపిల్లలకు తాగించొద్దని బోర్డులు పెట్టి పదేళ్ళయింది. ఆ నీళ్ళలో ఉన్న విషం నైట్రేటు. ఏటి మట్టిలో గాలి అందని చోట బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. మనం గాలి పీల్చినట్టు అవి నైట్రేటును పీల్చి, దాన్ని ఏ హానీ లేని నత్రజనిగా మార్చి బుడగలుగా పైకి వదిలేస్తాయి. దమయంతి ఏడేళ్ళు కష్టపడి అలాంటి జీవుల్లో నూరు రెట్లు ఆకలి ఉన్న రకాన్ని తయారుచేసింది. వాటిని కొబ్బరిపీచు చాపల్లో పెంచి ఏటి అడుగున పరిస్తే, రెండు నెలల్లో ఏరు తనంత తానే శుభ్రపడుతుంది. చాపలు పరిచేముందు ఇక్కడి మట్టి వాటికి సరిపడుతుందో లేదో చూడాలి. అందుకే ఈ నలభై గొట్టాలు.

నలభయ్యోది గట్టు మీద పెట్టాక అసిరమ్మ మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళింది. కాసేపటికి మరో మూడు గొట్టాలతో వచ్చింది. వాటిలో మట్టి కాటుకలా నల్లగా ఉంది.

"ఇయి నీ కాయితం మీద నేవు. నల్లగుంతలోయి. ఒట్టుకెల్లు," అంది.

"పటంలో లేని చోట ఎందుకు తీశావప్పా?"

"ఎండాకాలం ఏరు ఎలగుంటాదో సూడాలన్నావు కదేటి? ఎండలు ముదిరితే సంద్రం పైకెక్కుతాది. మంచినీరు పైన తేలిపోతాది, ఉప్పునీరు గుంతలోకి దిగి కూకుంటాది. నెల్లాళ్ళు కదల్దు. మట్టంతా మురిగిన గుడ్డు వాసనొస్తాది. ఆ నెల్లాళ్ళూ మేమటు గుల్లలకి ఎల్లం. నీ పురుగులు అక్కడ ఏటి సేస్తాయో ఓపాలి సూడు."

దమయంతి ఏదో అనబోయేలోగా జీపు వచ్చి ఆగింది. కేంద్రం డైరెక్టరు రంగనాథం దిగారు. దమయంతి పరిశోధనకు మొదటి రోజు నుంచీ అండగా నిలిచిన పెద్దాయన. వరసగా పేర్చిన గొట్టాలను చూసి ముచ్చటపడ్డారు.

"ఇంత శుభ్రంగా ఎవరు తీశారు? ఈవిడేనా? ఎవరీవిడ?"

దమయంతి ఒక్క క్షణం తటపటాయించింది. కేంద్రంలో అందరికీ తన తండ్రి పోర్టులో ఉద్యోగం చేసేవాడని చెప్పుకుంది. చేరిన కొత్తలో ఎవరో అడిగితే నోటికొచ్చింది చెప్పేసింది, తర్వాత సరిదిద్దుకునే వీలు చిక్కలేదు. వీలు చిక్కినప్పుడు మనసు ఒప్పలేదు.

"ఇక్కడ గుల్లలు ఏరుకునే మనిషి సర్. ఈ నాలుగు రోజులకీ కూలికి పెట్టుకున్నాం," అంది.

అసిరమ్మ పక్కనే ఉంది. విన్నది. తడిచేతులు జోడించి, "దండాలు బాబూ," అని రెండడుగులు వెనక్కి జరిగింది, నిజంగా కూలిమనిషి జరిగినట్టే. ఆ సాయంత్రం చెల్లెల్ని బస్సెక్కిస్తూ కూడా ఆ మాట ఎత్తలేదు. ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టి, వాసన రాకుండా రెండు సంచుల్లో చుట్టానని చెప్పింది.

*

కేంద్రంలో ఋతుపేటిక అనే యంత్రం ఉంది. బీరువా అంత ఉంటుంది. లోపల గొట్టాలు నిలబెట్టి తలుపు మూస్తే పదకొండు రోజుల్లో ఒక ఏడాదిని తిప్పుతుంది. వానాకాలం వరద, శీతాకాలం చలి, వేసవి వేడి, సముద్రపు పోటు తెచ్చే ఉప్పు, అన్నీ వరసగా వచ్చిపోతాయి. దమయంతి నలభై మూడు గొట్టాల్లోనూ తలో చాపముక్కా వేసి, నైట్రేటు కలిపిన నీళ్ళు పోసి తలుపు మూసింది. నల్లగుంత గొట్టాలు మూడూ ఎందుకు పెట్టిందో తనకే తెలియదు. చోటు మిగిలింది కాబట్టి పెట్టానని అనుకుంది.

వారం రోజులు అన్నిట్లోనూ సన్నటి బుడగలు లేచాయి. ఎనిమిదో రోజున పేటికలో వైశాఖం వచ్చింది. నలభై గొట్టాలు కొంచెం మందగించి మళ్ళీ పుంజుకున్నాయి. నల్లగుంత గొట్టాలు మూడింట్లో బుడగలు పూర్తిగా ఆగిపోయాయి. కాని నీళ్ళలో నైట్రేటు తగ్గుతూనే ఉంది. గాలిగా మారకుండా అది ఎటు పోతోందో అర్థంకాక ఆమె ఒక గొట్టం మూత తీసింది. ఘాటు ముక్కుకు కొట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మోనియా.

ఎవరూ చెప్పకుండానే జరిగింది ఆమెకు తెలిసింది. జీవులు అవే. తిండీ అదే. అడుగున ఉప్పు నిలిచి, వేడెక్కి, మట్టిలో గంధకపు వాయువు పుట్టేసరికి వాటి దారి మారిపోయింది. నైట్రేటును గాలిగా వదలడం మానేసి అమ్మోనియాగా మార్చి అక్కడే ఉంచుతున్నాయి. మామూలు ఏటి జీవులైతే ఆ పని మెల్లగా, కొంచెంగా చేస్తాయి. ఇవి నూరు రెట్లు ఆకలిగలవి. చేప మొప్పలు కాలిపోవడానికి గొట్టంలో ఉన్నదానిలో పదోవంతు చాలు.

కార్తీకంలో చాపలు పరచాలని అప్పటికే తేదీ ఖరారైంది. సందేహం తీరాలంటే వచ్చే వేసవి దాకా ఆగి, నల్లగుంతలాంటి చోట్లన్నీ వెతికి, మళ్ళీ మొదటినుంచి చూడాలి. దమయంతి కాగితాలు తీసుకుని రంగనాథం గదికి వెళ్ళింది.

ఆయన శ్రద్ధగానే చూశారు. "ఈ మూడూ ఎక్కడివి?"

"పటంలో లేని చోటువి సర్. గుంతలోవి."

"నువ్వు తీయమన్నావా?"

"లేదు. ఆ మనిషి తనంత తానే తీసింది."

"ఎందుకు?"

ఇక్కడే చెప్పాల్సింది. అక్కడ ఉప్పునీరు నెల్లాళ్ళు నిలుస్తుందని ఆవిడకు తెలుసు సర్, ఆవిడ చెప్పింది సర్, ఆవిడ మా అప్ప సర్. ఇవేవీ దమయంతి నోటివెంట రాలేదు.

"తెలియదు సర్," అంది.

రంగనాథం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మట్టి తీసేవాళ్ళ చేతులు, గొట్టాలు శుభ్రంగా లేకపోయినా ఇలాంటివి కనిపిస్తాయి. నేనేమీ చెప్పను. ఆ మట్టి సంగతి నీకు తెలిసినంతగా నాకు తెలియదు. నువ్వు ఏది రాస్తే దాని మీద సంతకం పెడతాను."

ఆయన అలా కాకుండా గట్టిగా బలవంతపెట్టి ఉంటే బాగుండునని తర్వాత చాలాసార్లు అనిపించింది ఆమెకు. తన గదికి వచ్చి నివేదిక చివరి పేజీలో ఒక వాక్యం చేర్చింది. "శిక్షణ లేని స్థానిక కార్మికురాలు నిర్దేశించని చోట సేకరించడం వల్ల మూడు నమూనాలు కలుషితమైనందున వాటిని లెక్కలోకి తీసుకోలేదు." బల్ల మీది టీ చల్లారేలోపే రాసేసింది.

*

కార్తీకంలో చాపలు పరిచారు. గుల్లపేట ఆడవాళ్ళు పసుపు నీళ్ళు చల్లి మొదటి చాపను ఏట్లోకి దించారు. నల్లగుంతలో కూడా పరుస్తుంటే ఇక్కడ కూడానా అని అసిరమ్మ పనివాళ్ళను అడిగింది. కాగితంలో ఉందని చెప్పారు వాళ్ళు. కాగితం రాసింది చెల్లెలు కాబట్టి ఆమె ఇంకేమీ అనలేదు.

మాఘమాసానికి నాచు పోయింది. అడుగున ఇసక కనిపించేటంత తేటపడింది నీరు. బావుల దగ్గర బోర్డులు పీకేశారు. పత్రికలో దమయంతి బొమ్మ వేశారు. అసిరమ్మ ఫోను చేసింది.

"గుల్లలు ఎంత లావున్నాయో సూస్తే నమ్మవు. మా బాగా సేసినావు సెల్లీ. ఊరంతా నీ మాటే." ఆపైన అడిగింది. "అవునుగానీ, నల్లగుంత మట్టి ఏటి సెప్పినాది?"

"అన్నీ బాగానే ఉన్నాయప్పా."

"హమ్మయ్య," అంది అసిరమ్మ. ఆ ఒక్క మాటలోని నిశ్చింత దమయంతి గుండెలో ముల్లులా దిగబడింది. అయినా కేంద్రంలో ఆ రోజు సన్మానసభ ఉంది. చీర మార్చుకుని వెళ్ళింది.

వైశాఖం వచ్చింది. ఆ ఏడు వానలు లేక ఏరు సన్నబడింది, సముద్రం ఎప్పటికంటే పైకి ఎక్కింది. ఉప్పునీరు నల్లగుంత నిండి, చుట్టుపక్కల పల్లాలన్నిట్లోకీ దిగి కూర్చుంది. కేంద్రంలో తెర మీద ఏటి అడుగున అమర్చిన పరికరాల అంకెలు దమయంతి రోజూ చూస్తూనే ఉంది. మూడు రోజులు అమ్మోనియా అంకె కొంచెం కొంచెంగా పెరిగింది. పరికరం పాడయిందేమో చూడమని ఒకరిని పంపింది. నాలుగో రోజు పొద్దున అంకె ఎనిమిదింతలయింది.

ఆ పొద్దునే గుల్లపేట రేవులో చేపలు తేలాయి. బొంతలు, పండుగప్పలు, పీతలు, తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఒడ్డు పొడవునా. వాటికంటే ఘోరం గుల్లలు. మట్టిలో మూసుకుని ఉండాల్సినవి నోళ్ళు తెరుచుకుని పైకి వచ్చేశాయి. పదిహేనేళ్ళ పిల్లల నుంచి అరవయ్యేళ్ళ ముసలమ్మల దాకా నలభై ఇళ్ళ ఆడవాళ్ళు ఆ గుల్లల మీదే బతుకుతున్నారు. ఏట్లో దిగినవాళ్ళకు కళ్ళు మండి, కాళ్ళు పొక్కులెక్కాయి. గుల్లలు మళ్ళీ పుట్టి ఎదగడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు.

కేంద్రం తరఫున ఒక ప్రకటన వెళ్ళింది. దాన్ని రాసింది దమయంతి కాదు. ప్రచార విభాగం వాళ్ళు ఆమె నివేదిక తిరగేసి, చివరి పేజీలో తమకు కావలసిన వాక్యం చూసుకున్నారు. మర్నాడు పత్రికలో వచ్చింది: "మట్టి నమూనాల సేకరణలో స్థానిక మహిళ పొరపాటు. అందువల్లే ప్రమాదం ముందుగా పసిగట్టలేకపోయామంటున్న కేంద్రం." పేరు వేయలేదు. గుల్లపేటలో పేరు అక్కర్లేదు. మట్టి తీసింది ఎవరో ఊరందరికీ తెలుసు.

*

దమయంతి నాలుగు రోజులు ఫోను చేయలేదు. అప్ప కూడా చేయలేదు. ఐదో రోజు ఉదయం బస్సెక్కింది.

అసిరమ్మ పెనిమిటి పోయి ఆరేళ్ళయింది. కూతురు జయమ్మ, తను, ఇద్దరే ఉంటారు. దమయంతి వెళ్ళేసరికి జయమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. పిన్నిని చూసి లేచి, మంచినీళ్ళిచ్చి, లోపలికి పోయింది. వీధిలో ఇద్దరాడవాళ్ళు బిందెలతో పోతూ ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి మాట ఆపేశారు. గుమ్మం దాటాక మళ్ళీ మొదలెట్టారు.

అసిరమ్మ కాళ్ళకు కట్లు ఉన్నాయి. చచ్చిన గుల్లలను ఏరి పారేయడానికి అందరికంటే ముందు దిగింది, అందరికంటే ఆఖరున పైకి వచ్చింది. చెల్లెల్ని చూడగానే లేవబోయి, లేవలేక పీట చూపించింది.

"ఎప్పుడనగా తిన్నావో. జయా, పిన్నికి అన్నం ఎట్టు."

అన్నం, చింతచిగురు పప్పు పెట్టింది జయమ్మ. చేప లేని పళ్ళెం ఆ ఇంట్లో దమయంతి ఎన్నడూ చూడలేదు. తినకపోతే ఎందుకని అడుగుతారని ముద్దలు మింగింది. అసిరమ్మ బస్సులో రద్దీ గురించి అడిగింది, విశాఖలో ఎండల గురించి అడిగింది. పళ్ళెం ఖాళీ అయ్యాక, జయమ్మ బయటికి వెళ్ళేదాకా చూసి, గొంతు తగ్గించింది.

"సెల్లీ, ఒక మాట. నాకు సదువు రాదు. పేపర్లో ఏసినది జయ సదివినాది. నాను ఏ గొట్టంలో తప్పు సేసినానో సెప్పు. అరసెయ్యి సరిగ్గా మూయనేదేటి? నీరు కలిసిపోనాదేటి? ఎంత తలుసుకున్నా తెలట్నేదు."

దమయంతి తల దించుకుంది.

"నిన్ను నలుగురిలో తలొంచుకునేలా సేసినాను," అంది అసిరమ్మ. "ఏడేళ్ళు కష్టపడ్డావు. నల్లగుంత మట్టి నాను ఇయ్యకపోతే ఈ గొడవంతా వచ్చీది కాదేమో. పెద్దలతో సెప్పేసినాను, నాదే తప్పు, మా సెల్లినేమనకండని. ఆళ్ళు నన్నేటీ అన్నేదు. మా ఆడోళ్ళే... ఏరు కాడికి నాతో రావట్నేదు. రారు మరి. ఆళ్ళ నోటికాడ కూడు పోనాది."

ఇప్పుడు చెప్పు, అని దమయంతికి లోపల ఎవరో అంటున్నట్టే ఉంది. అప్ప కట్లు కట్టిన కాళ్ళ మీదికి వంగి ఎంగిలి పళ్ళెం తీస్తోంది. దమయంతి పళ్ళెం లాక్కోబోయింది. అసిరమ్మ ఇవ్వలేదు.

"తప్పు ఎవరిదో ఇంకా తేలలేదప్పా," అంది చివరికి. "విచారణ జరుగుతోంది."

"అలగైతే తేలనీ," అంది అసిరమ్మ ఆశగా.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది దమయంతి. పేపర్లో తన వాక్యం చూసినప్పుడు కలిగిన సిగ్గు వేరు. అప్పుడు ఎవరైనా గుర్తుపడతారేమోనన్న భయం కలిసి ఉంది. ఇప్పటిది అలాంటిది కాదు. ఎవరికీ తెలియకపోయినా, ఎన్నటికీ తెలియకపోయినా, ఆ పప్పన్నం తను తిన్నది. తనకు క్షమాపణ చెప్పిన మనిషి ఇంట్లో తిన్నది. పలాస దాటకముందే కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుకుంది.

*

విచారణ సంఘం విశాఖలోనే కూర్చుంది. ముగ్గురు సభ్యులు. అంతకు ముందురోజు రంగనాథం దమయంతిని పిలిచారు.

"నువ్వేమీ కంగారు పడకు. నమూనాల లోపమని రాసి ఉంది కాబట్టి కేంద్రం మీదికి రాదు. ఆ ఊరికి సాయం అందేలా నేనూ చూస్తాను. ఆ మనిషి పేరు ఎక్కడా రాదు."

"ఆ మనిషి మా అప్ప సర్," అంది దమయంతి.

ఆయనకు మొదట అర్థం కాలేదు.

"నా తోడబుట్టింది. మా నాన్న పోర్టులో ఉద్యోగం చేయలేదు. తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. అక్కడ ఉప్పునీరు నిలుస్తుందని మా అప్ప నాకు ముందే చెప్పి, చూడమని ఆ మూడు గొట్టాలిచ్చింది. మీరు ఎందుకని అడిగినప్పుడు తెలియదన్నాను."

రంగనాథం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేనూ మళ్ళీ అడగలేదు," అన్నారు. ఆపమని అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆ వారంలోనే ఆయన పదవి వదులుకున్నారు.

దమయంతి సంఘం ముందు ఋతుపేటిక అంకెలన్నీ పెట్టింది. చాపముక్క, వేడి, ఉప్పు, ఎనిమిదో రోజు, అమ్మోనియా, అన్నీ వరసగా చెప్పింది. మాట తడబడలేదు. అలాంటి మాటలు చెప్పడం ఆమెకు అలవాటే. సభ్యుల్లో ఒకాయన, ఆ మూడు గొట్టాలు కలుషితం కాలేదని మీకు ఎప్పుడు తెలిసిందని అడిగాడు. మొదటి రోజే తెలుసని చెప్పింది.

ఊళ్ళో చెప్పడం అలాంటిది కాదు. మర్నాడు పొద్దున్నే గుల్లపేట వెళ్ళింది.

మధ్యాహ్నం వలలల్లే పాకలో జనం కూడారు. కులపెద్ద దానయ్య కబురు పంపి అందరినీ పిలిపించాడు. అసిరమ్మ వెనక వరసలో, ఆడవాళ్ళకు కొంచెం ఎడంగా కూర్చుంది. తను చేసిన తప్పు ఏదో ఇవాళ చెబుతారని వచ్చింది. దమయంతి లేచి నిలబడింది. మట్టిలో ఏ తప్పూ లేదని చెప్పింది. ఆ మట్టి నిజం చెప్పిందని, తను దాన్ని దాచి, తీసినావిడ మీదికి నెట్టానని చెప్పింది. పరాయి మనిషని చెప్పి నెట్టానని కూడా చెప్పింది.

దానయ్య తాపీగా అడిగాడు. "ఎందుకు దాసినావమ్మా? ఓ ఏడాది ఆగితే ఏటయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదు మావా."

"మరి?"

"నేను కనిపెట్టినది తప్పవుతుందని ఒప్పుకోలేకపోయాను. గుల్లలేరే మనిషి చెబితే విన్నానని రాయడానికి సిగ్గేసింది." ఇంకా ఏదో ఉందని ఆయన చూస్తూనే ఉన్నాడు. "ఆ మనిషి మా అప్పని చెప్పుకోడానికి సిగ్గేసింది."

ఎవరూ తిట్టలేదు. తిడతారని, మీదికి వస్తారని ఆమె సిద్ధపడి వచ్చింది. ఒక ముసలమ్మ మాత్రం లేచి, వెనక్కి నడిచి, అసిరమ్మ పక్కన చతికిలబడింది. మరో ఇద్దరు లేచారు. అసిరమ్మ వాళ్ళకేసి చూడలేదు. ఆమె కళ్ళు చెల్లెలి మీదే ఉన్నాయి. ఎవరో కొత్త మనిషిని ఆనవాలు పట్టడానికి చూస్తున్నట్టు చూసింది. తర్వాత జయమ్మ భుజం పట్టుకుని లేచి, కట్ల కాళ్ళతో మెల్లగా నడుచుకుంటూ పాకలోంచి వెళ్ళిపోయింది.

దమయంతి ఇంటిదాకా వెనకే వెళ్ళింది. అసిరమ్మ గుమ్మంలో ఆగింది.

"ఆ రోజు అన్నం తిన్నావు," అంది. "అప్పటికి నీకు తెల్సు."

"తెలుసప్పా."

"నా సేతులు సరిగా నేవేమోనని రోజూ బిందెలో నీరోసి, గలాసు ముంచి, అరసెయ్యి మూసి తీసి సూసుకున్నాను. ఎక్కడ కారినాదో ఎక్కడ కారినాదోనని."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు వినబడలేదు. దమయంతికి ఆ తలుపు తోయడానికి చెయ్యి రాలేదు.

*

చాపలు ఎత్తేయడానికి వానాకాలమంతా పట్టింది. మట్టిలోకి పాకిపోయిన జీవులను ఎత్తడం ఎవరివల్లా కాదు. తిండి తగ్గితే మెల్లగా తగ్గుతాయి, అంతే. దమయంతిని కేంద్రం తొలగించింది. ఆమె టెక్కలిలో ఒక కళాశాలలో పాఠాలు చెప్పే పని వెతుక్కుంది. ఆదివారాలు చేతిసంచిలో పరికరం వేసుకుని గుల్లపేట వచ్చి, పద్దెనిమిది చోట్ల నీళ్ళు కొలిచి, అంకెలను వలల పాకలో గోడకు అంటించి వెళ్ళేది. ఎవరూ రమ్మనలేదు, రావొద్దనీ అనలేదు. మొదటి వేసవి మళ్ళీ చేపలు చచ్చాయి, కాని తక్కువ. రెండో వేసవి చావలేదు. అన్నాళ్ళూ అసిరమ్మ ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. జయమ్మ పెళ్ళికి కబురు వచ్చింది, దమయంతి వెళ్ళింది, బంధువుల పంక్తిలో కూర్చుని భోజనం చేసి వచ్చింది. అప్ప వడ్డించలేదు.

రెండో ఏడు ఆశ్వయుజంలో మళ్ళీ గుల్లల పిల్లలను తెచ్చి ఏట్లో వేయాలని ఆడవాళ్ళు నిర్ణయించారు. ఎక్కడ వేస్తే బతుకుతాయో తెలుసుకోడానికి రేవులో చేరారు. దానయ్య దమయంతిని అడిగాడు. ఆమె పుస్తకం తెరిచింది. రెండేళ్ళ అంకెలు ఉన్నాయి అందులో. అమ్మోనియా ఎక్కడ తక్కువో, ఉప్పు ఎక్కడిదాకా వస్తుందో అన్నీ ఉన్నాయి. ఒక పేరా చదివి ఆగిపోయింది.

"నీళ్ళలో ఏముందో వీటితో చెప్పగలను మావా. పిల్ల గుల్లకి ఏ మట్టి పడుతుందో నాకు తెలియదు. తెలిసినావిడ అక్కడుంది."

అందరూ అసిరమ్మకేసి తిరిగారు. ఆమె నడుముకి గంప కట్టుకుంటోంది. ముడి బిగించింది. తర్వాత దమయంతి ఎదురుగా వచ్చి నిలబడింది.

"రాసుకుంతావా?"

"రాసుకుంటాను."

"అయితే ముందు నా పేరు రాయి."

దమయంతి రాసింది.

"సదువు."

"సూరాడ అసిరమ్మ, గుల్లపేట," అని చదివింది దమయంతి. ఆ మూడు మాటలూ చదవడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ఆడవాళ్ళు వింటున్నారు.

అసిరమ్మ మొదలుపెట్టింది. తూరుపు పాయలో వద్దంది, అక్కడ వరదొస్తే మట్టి కోసుకుపోతుంది. మడచెట్ల నీడన వద్దంది, ఆకులు కుళ్ళి అడుగు వేడెక్కుతుంది. నల్లగుంతకు మూడు నిలువుల దూరంలో ఎగువన, సన్న ఇసకా జిగురూ సగం సగం ఉన్నచోట వేయమంది, పోటు నీరు వచ్చినా అక్కడ నిలవదు. ఒక్కొక్కటీ ఎందుకో చెప్పింది. దమయంతి నాలుగు పేజీలు నింపింది. చెప్పడం అయిపోయి ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు నీళ్ళలోకి దిగుతుంటే పుస్తకం మూసి, "అప్పా," అంది.

అసిరమ్మ ఆగింది.

"మట్టి గురించి ఎంత కావాలంటే అంత అడుగు, సెప్తాను," అంది, కోపం లేకుండానే. "నీ గురించి మాత్రం నన్నేటీ అడక్కు."

అని ఏట్లోకి దిగి నడిచింది. నీళ్ళు మోకాళ్ళు దాటి నడుము దాకా వచ్చాయి. దమయంతి గట్టు మీద నిలబడి, మూసిన పుస్తకాన్ని మళ్ళీ తెరిచింది.

"ఆ ఇసక ఎంత లోతు ఉంటుందప్పా?" అని అడిగింది.

"జానెడు," అంది అసిరమ్మ వెనక్కి తిరక్కుండా. "దాని కింద అంతా జిగురే."

దమయంతి రాసుకుంది.